పన్నెండూ ఇరవై బస్సు

మొదట్లో సూర్యకుమారి చేతిలో ఉన్నవి రెండు బకెట్ల దోసె పిండి, ఒక బస్ కార్డు, కెనడాలో వాళ్ళుండే చిన్న ఊరి లైబ్రరీ ముందు మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి ఆగే బస్సు. వ్యాపారానికి అంతకన్నా ఏం కావాలి? మూడు చోట్ల మారుతూ వెళ్తే మార్కమ్‌లో రాగిణి నడిపే కిరాణా షాపుకి గంటా యాభై నిమిషాలు. కారులో నలభై. కానీ ఆ నలభై నిమిషాల కోసం భర్త జనార్ధనరావుని రెండు రోజుల ముందు నుంచీ మంచి చేసుకోవాలి. కూరలో ఉప్పు తగ్గకూడదు, టీవీలో మ్యాచ్ ఓడిపోకూడదు. అన్నీ కలిపి చూస్తే బస్సే దగ్గర దారి. డ్రైవింగ్ నేర్పమంటే, "ఉన్నది ఒక్క కారు. నేర్చుకుని దేన్ని నడుపుతావ్?" అన్నాడాయన.

ఆ కారు ముచ్చటా తీరింది. కిందటి జనవరిలో దింపుతానని బయల్దేరి, దారిలో వాన్ అనే ఊళ్ళో స్నేహితుడు ఆంజనేయులు ఇంటి ముందు ఆపాడు. "ఐదే నిమిషాలు. నువ్వు దిగకు, మీ ఆడవాళ్ళ కబుర్లు ఓ పట్టాన తెమలవు," అని హీటర్ వేసి వెళ్ళాడు. గంటన్నర. రాత్రంతా పులిసిన పిండి, ఒలక్కూడదని ఆమె బిగించిన మూతలు, పైన ఆ వేడి. ఒక మూత ఠప్పున ఎగిరి, పిండి వెనక సీటంతా పాకింది.

"లెదర్ సీట్లే! బుద్ధుందా? ఇక నా కారులో పిండి ఎక్కదు!"

కుట్ల సందుల్లో ఎండిన పిండిని పుల్లతో గీకి తీసింది ఆమే. ఆ గంటన్నర ఎవరి తప్పో ఎవరూ అడగలేదు.

అందుకే ఏప్రిల్‌లో బస్టాపు దగ్గర నోటీసు చదివి నిలబడిపోయింది. ఎక్కేవాళ్ళు లేక మధ్యాహ్నం బస్సు తీసేస్తారట. అభ్యంతరాలుంటే శనివారం లైబ్రరీలో చెప్పాలట.

"పోతే పోనీ, నేను లేనా?" అన్నాడు జనార్ధనరావు.

"పిండికి లేరుగా."

"మానెయ్. నిన్నెవరు అమ్మమన్నారు?"

శనివారం ఆయనా వచ్చాడు, ఆమె ఏం మాట్లాడుతుందోనని. ఊరి ఆఫీసరు తెర మీద అంకెలు చూపించి, సగటున నలుగురే ఎక్కుతున్నారన్నాడు. సూర్యకుమారి లేచింది. జనార్ధనరావు ఆమె కోటు పట్టి లాగాడు.

"కూర్చో. నీ ఇంగ్లిష్ విని నవ్వుతారు."

"నవ్వనివ్వండి, దానికేం టికెట్టా?" అని, ఆఫీసరు వైపు తిరిగి తనకొచ్చిన ఇంగ్లిష్‌లోనే చెప్పింది. "ఆ నలుగుర్లో నేనొకదాన్ని. గోడౌన్‌లో షిఫ్టుకి వెళ్ళే రూప, కాలేజీకి వెళ్ళే ఇషిత, డయాలిసిస్‌కి వెళ్ళే ఈ మార్గరెట్ గారు మిగతా ముగ్గురు. మా ఇళ్ళలో కార్లున్నాయి సర్. తాళాలు మా దగ్గర లేవు. బస్సెక్కినవాళ్ళని లెక్కపెట్టారు. బస్సు లేకపోతే మేం ఎవరెవర్ని బతిమాలాలో, అది మీ అంకెల్లో ఎక్కడుంది?"

ఎవరూ నవ్వలేదు. మార్గరెట్ చేతికర్రతో నేల మీద టకటకా కొట్టింది. వెనక వరసల్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఇంకో ఏడాది బస్సు నడిపి చూస్తామన్నాడు ఆఫీసరు.

బయటికొచ్చాక జనార్ధనరావు తాళం తిప్పుతూ, "సరేలే, గెలిచావు. కారెక్కు, ఆకలేస్తోంది," అన్నాడు. అప్పుడే బస్సొచ్చి ఆగింది.

"మీరు వెళ్ళి బియ్యం కడగండి. నేను దీన్లో వెళ్తా."

"ఎక్కడికి? బకెట్లు కూడా లేవు!"

"ఊరికే. చివరి స్టాపు దాకా."

ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆయన అద్దం దగ్గరికి వచ్చి అరిచాడు. "మరి ఎప్పుడొస్తావ్?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట అడిగే వంతు ఎప్పుడూ ఆమెదే. బస్సు కదిలింది. ఏడాదికి బస్సు దక్కింది. ఆ ప్రశ్న కొసరు.