వెనక బెంచీ వంతు

బైండరు కళ్ళు మూసుకుని ప్రార్థనలో కూర్చున్నాడంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలుసు, వీధిలోవాళ్ళకి తెలుసు, గోడ మీద పిల్లికి కూడా తెలుసు. తెలియనిదల్లా ఆయన ఫోనుకే. ఆ సాయంత్రం అది ఆగి ఆగి మోగుతూనే ఉంటే, భార్య తెచ్చి ఆయన మోకాలి పక్కన పెట్టింది.

"మీ బెంచీవాళ్ళు. తీయకపోతే ఇంటికే వచ్చేస్తారు. అప్పుడు మీరే కాదు, దేవుడు కూడా లేచిపోతాడు."

బైండరు ఒక కన్ను తెరిచాడు. రెండో కన్ను దేవుడి మర్యాద కోసం మూసే ఉంచాడు.

"ఒరేయ్, వంతు నీది!" అవతల డ్రైవరు గొంతు.

"ఏమైందిరా?"

"అడక్కూడదు కదరా! మా ఇంటికొచ్చి 'నేనే' అను. అంతే. టైలరుగాణ్ణి నీ దగ్గరికే తోలాను."

ఫోను పెట్టేశాడు. బైండరు రెండో కన్ను కూడా తెరవక తప్పలేదు.

ఈ వంతు సంగతేమిటో చెప్పుకోవాలి. ఈ ముగ్గురూ బడిలో వెనక బెంచీ వాళ్ళు. అప్పట్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు ఆయన వీపుకి కాగితం పిట్ట తగిలిందంటే, "ఎవడ్రా?" అని గర్జించేవారు. ఎవడూ ఒప్పుకోకపోతే బెంచీ బెంచీకీ బడితపూజ. ఒకడు లేచి ఒప్పుకుంటే ఆ ఒక్కడికే. మూడు వీపులు పడే బాధ ఒక్క వీపుతో పోతుంటే అంతకంటే ఏం కావాలి? లెక్కల్లో ముగ్గురికీ సున్నాలే వచ్చినా ఈ ఒక్క లెక్క మాత్రం ఇట్టే తెలిసింది. చేసింది ఎవరైనా సరే, వంతున్నవాడు లేచి "నేనేనండీ" అనాలి. ఏం జరిగిందని అడగకూడదు. అన్నాక వెనక్కి తగ్గకూడదు. దాంతో వంతు లేనివాళ్ళు చెలరేగిపోయేవాళ్ళు. వంతున్నవాడు మాత్రం పొద్దుటి నుంచీ మిగతా ఇద్దరి గడ్డాలూ పట్టుకుని, "ఇవాళ కాస్త బుద్ధిగా ఉండండిరా, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలుకునేవాడు.

బడి అయిపోయింది. ఒకడు బట్టలు కుట్టాడు, ఒకడు బస్సు నడిపాడు, ఒకడు పుస్తకాలకి అట్టలు వేశాడు. ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి. మాస్టారి స్థానంలోకి భార్యలు వచ్చారు. వంతు మాత్రం పోలేదు. టైలరు తన భార్య కొత్త చీరని ఇస్త్రీపెట్టెతో కాల్చేసినప్పుడు డ్రైవరు వెళ్ళి, "చెల్లెమ్మా, వాణ్ణి కబుర్లలో పెట్టింది నేనే" అని తిట్లు తిన్నాడు. బైండరు పొయ్యి మీద పాలు మరిచిపోయి గిన్నెని బొగ్గు చేసినప్పుడు టైలరు వచ్చి, ఫోను చేసి మాటల్లో పెట్టింది తనేనని తలవంచాడు. ఆడవాళ్ళు నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో ఆ పైవాడికే ఎరుక.

బైండరుకి ఇందులో చిన్న ఇబ్బంది ఉండేది. ఆయన చేతికి వచ్చేవి ఎక్కువగా భక్తి పుస్తకాలే. కుట్లు ఊడిన పుటలు సర్దుతూ సర్దుతూ నాలుగు ముక్కలు చదివేవాడు. అబద్ధమాడకూడదని ఆ పుస్తకాలన్నీ ఒక్క నోటితో చెబుతాయి. మరి ఒకడి తప్పు ఇంకొకడు నెత్తిన వేసుకుంటే అది అబద్ధమా, సాయమా? ఈ మాట దేవుణ్ణి చాలాసార్లు అడిగాడు. ఆయన నోరు విప్పలేదు. బహుశా ఆయనకీ ఎక్కడో ఒక బెంచీ ఉండే ఉంటుందని బైండరు సర్దుకున్నాడు.

చొక్కా తగిలించుకుని వీధిలోకి వచ్చేసరికి టైలరు మెడలో టేపుతోనే ఎదురొచ్చాడు.

"ఏం చేశాడ్రా వాడు?"

"నన్నడుగుతావేం? రూలు రూలే," అన్నాడు టైలరు. నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించాడు. "అది కాదు గానీ, ఇంకో సంగతి విన్నావా? రేపట్నుంచి వాడి కూతురికి హాస్పిటల్లో పొద్దుటి డ్యూటీ. మనవరాలిని బడికి వాడే దింపుతాడట. కార్లో."

బైండరు నడక ఆగింది. "పక్కన నువ్వుంటావా?"

"నేనెలా ఉంటానురా? పొద్దున్నే పెళ్ళివారి జాకెట్లు... హుక్కులు కుట్టకపోతే నన్నే కుట్టేస్తారు."

ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటుంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. వారానికోసారి ముగ్గురూ డ్రైవరు కూతురి పాత కారు వేసుకుని ఊరవతల గాలికి తిరిగొస్తారు. డ్రైవరు స్టీరింగు ముందు, టైలరు ఆయన పక్కన, బైండరు వెనక. ఏడాదిగా టైలరుకి రోడ్డు మీద కవిత్వం పొంగుతోంది. "అదుగో, ఎర్ర లైటు ఎంత ముద్దుగా వెలుగుతోందో!" అంటాడు. డ్రైవరు బ్రేకు వేస్తాడు. "ఆ గేదెని చూశావా, అచ్చం మన లెక్కల మాస్టారిలా నడిరోడ్డున ఎలా నిలబడిందో!" అంటాడు. డ్రైవరు పక్కకి తిప్పుతాడు. వెనక సీట్లో బైండరు పెదవులు కదులుతూనే ఉంటాయి. ఒకడు చూసేవాడు, ఒకడు నడిపేవాడు, ఒకడు దేవుడికి మొరపెట్టుకునేవాడు. ముగ్గురూ కలిస్తే ఒక పూర్తి డ్రైవరు. రేపు పొద్దున ఆ కారులో ఉండబోయేది మాత్రం మూడో వంతు డ్రైవరూ, వెనక సీట్లో రెండో క్లాసు పిల్లా.

డ్రైవరు ఇంటి ముందుకి వచ్చేసరికి నర్సు బట్టల్లోనే కూతురు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. స్కూటరు వీధిలో ఉంది. డ్రైవరు గోడకి ఆనుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు, అక్కడేదో పని ఉన్నట్టు. బైండరు తలెత్తి అటూ ఇటూ చూడకుండా, బడిలో లేచినట్టే గొంతు సవరించుకున్నాడు.

"నేనేనమ్మా."

"మీరా బాబాయ్?" కూతురి కనుబొమలు జుట్టుని అంటుకున్నాయి. "కారు మీరు నడిపారా?"

అప్పుడు చూశాడు బైండరు. కారు సగం గేటు లోపల, సగం బయట. ఎడమవైపు లైటు పగిలి కింద పొడిపొడిగా పడి ఉంది. గేటు ఒక రెక్క నడుం విరిగిన ముసలమ్మలా వంగిపోయింది. బైండరు జన్మలో సైకిలు కూడా సరిగ్గా తొక్కి ఎరగడు. టైలరు టేపు చివర నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏదో... సరదా పడి..." అన్నాడు బైండరు.

"ఈ వయసులోనా?"

"సరదాకి వయసేమిటమ్మా?"

కూతురు తండ్రి వైపు చూసింది, బాబాయ్‌ల వైపు చూసింది. నర్సు కళ్ళు అవి. మందు మింగామని చెప్పి నాలుక కింద దాచుకునేవాళ్ళని రోజూ చూసే కళ్ళు.

"సరే బాబాయ్. ఇంతదాకా నడిపారు, ఇంకాస్త నడిపి లోపల పెట్టేయండి. నా స్కూటరు వీధిలో ఉండిపోయింది," అని తాళం ఆయన అరచేతిలో పెట్టింది.

అన్నాక వెనక్కి తగ్గకూడదు. బైండరు తాళం పట్టుకుని కారు వైపు నడిచాడు, బలికి వెళ్ళేవాడిలా. డ్రైవరు వెంట వచ్చి చెవిలో గుసగుసలాడాడు.

"ఒరేయ్, పరువు కాపాడరా. దానికి తెలిస్తే తాళం లాగేసుకుంటుంది. ఇన్నేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. స్టీరింగు లేకపోతే నేనెవణ్ణిరా? మూలన పెట్టిన కుర్చీని."

బైండరుకి జాలేసింది. నిజంగానే జాలేసింది. అయినా అడిగాడు: "రేపు పాపని దింపేది నువ్వేగా?"

"నేనే. ఏం?"

"ఏం లేదు."

కారులో కూర్చుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. స్వామీ, వాణ్ణి కాపాడితే పిల్లకి ప్రమాదం. పిల్లని కాపాడితే వాడికి ద్రోహం. ఏం చేయను? అని అడిగాడు. అంతలో ఒక ఆలోచన వచ్చింది. అది దేవుడు ఇచ్చిందో, వెనక బెంచీ ఇచ్చిందో ఆయనకి ఈనాటికీ తెలియదు. ఆలోచనలో కొంటెతనం చూస్తే మాత్రం దేవుడి మీద వేయడానికి మనసొప్పలేదు.

కళ్ళు తెరిచి ముందు అద్దంలోంచి చూశాడు. ఇంకా వెలుతురు బాగానే ఉంది. వాకిట్లో, సరిగ్గా కారు వెళ్ళాల్సిన దారిలో, ఉతికిన బట్టలతో నీలం బకెట్టు ఒకటి బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. దాన్ని వీధి చివర నుంచైనా చూడొచ్చు.

"ఒరేయ్ టైలరూ, నువ్వు లోపలికెళ్ళి కాసిని మంచినీళ్ళు పట్రా. గొంతు ఎండిపోతోంది," అన్నాడు.

"తర్వాత తెస్తాలేరా, ముందు ఆ బక..."

"ఇప్పుడే తే!"

అంత గట్టిగా బైండరు ఎప్పుడూ అరవలేదు. టైలరు బిత్తరపోయి ఇంట్లోకి పరిగెత్తాడు. దాంతో డ్రైవరుకి ఉన్న కళ్ళు రెండూ లోపలికి వెళ్ళిపోయాయి.

"అమ్మాయ్, నువ్వలా గడప మీదికి వెళ్ళి నిలబడమ్మా. నీకు తగలకుండా," అన్నాడు బైండరు. "ఒరేయ్ డ్రైవరూ, నువ్వు నా కిటికీ పక్కనే నడుస్తూ ముందు చూసి చెప్పు. నువ్వు రమ్మంటే వస్తాను, ఆగమంటే ఆగుతాను. నీ మాటే నాకు వేదం."

డ్రైవరు ఛాతీ ఒక్కసారి వెడల్పయింది. ఎంతైనా పాత బస్సు డ్రైవరు.

"క్లచ్ తొక్కు. అది బ్రేకురా అప్రాచ్యుడా! ఆఁ, అదీ. ఫస్ట్ గేరు. ఇప్పుడు మెల్లగా వదులు... మెల్లగా అంటే గంతేయమని కాదు!"

కారు ఒక గంతు వేసి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు. ఈసారి అది తాబేలులా కదిలింది. బైండరు ఒళ్ళంతా చెమట. పెదవుల మీద అన్ని దేవుళ్ళ పేర్లూ ఒకేసారి తోసుకొస్తున్నాయి.

"రా... రా... ఇంకా రా," అంటున్నాడు డ్రైవరు ఠీవిగా. "రైట్, రైట్! ముందంతా ఖాళీ."

"చూసే చెబుతున్నావా?"

"నాకు చెబుతావా? రా!"

ఫట్టుమంది బకెట్టు. అందులో బట్టలు నాలుగు పక్కలా చేతులు చాపి పడుకున్నాయి.

"ఇంకా రా," అన్నాడు డ్రైవరు. "బోలెడంత చోటుంది."

కారు మరో గంతు వేసి దానంతటదే ఆగిపోయింది. నీళ్ళ గ్లాసుతో వచ్చిన టైలరు గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"నాన్నా," అంది కూతురు. గొంతులో కోపం లేదు. "ముందేముంది?"

"ఏముంటుందే? ఖాళీ."

"బకెట్టు, నాన్నా. నీ చొక్కాలే ఉన్నాయి అందులో."

డ్రైవరు కారు ముందుకి వచ్చాడు. వంగాడు. ఇంకా వంగాడు. చేత్తో తడిమితే గానీ నీలం ముక్క చేతికి తగల్లేదు. దాన్ని పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. బకెట్టుని కాదు, ఆ చోట బుల్లి చెప్పులేసుకుని నిలబడగల ఇంకెవరినో తడిమినట్టు ఆ ముక్క అంచుల వెంట వేళ్ళు పోనిచ్చాడు.

బైండరు కారు దిగాడు. తాళం కూతురికి ఇవ్వలేదు. డ్రైవరు చేతిలోనే పెట్టాడు.

"ద్రోహీ," అన్నాడు డ్రైవరు. "కావాలనే చేశావు."

"నా వంతు నేను చేశానురా. 'నేనే' అన్నాను, నడిపి కూడా చూపించాను. బాగా నడపాలని రూల్లో లేదు."

"నీకు ముందే తెలుసా?"

"వీడికి ఎర్ర లైటు మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో నాకు తెలియదా? వెనక కూర్చుని నేను చేసే ప్రార్థనంతా ఊరికేనా?" బైండరు మొహం మీది చెమట తుడుచుకున్నాడు. "మా ఇద్దరి ప్రాణాలూ నీ చేతుల్లో పెట్టి తిరిగాం. ముసలి ప్రాణాలు, పోతే పోయాయి. పాప నీకు ఎర్ర లైటు చూపించదురా."

డ్రైవరు తాళాన్ని ఒకసారి బొటనవేలితో రుద్దాడు. తర్వాత కూతురు అరచెయ్యి వెతుక్కుని అందులో పెట్టాడు.

"శుక్లాలే నాన్నా," అంది కూతురు మెల్లగా. "ఇంత ముదిరాయని నాకు చెప్పొద్దా? చిన్న ఆపరేషనని ఎన్నిసార్లు చెప్పాను?"

"కంట్లో సూది పెడతారటే."

"అదన్నమాట భయం!" అన్నాడు టైలరు. "రోజుకి వంద సూదులు నా వేళ్ళలో గుచ్చుకుంటాయి. నేనేమన్నా ఏడ్చానా?"

"నీ వేళ్ళు బస్సు నడిపాయేంట్రా!"

మర్నాటి నుంచి పాప బడికి తాత చెయ్యి పట్టుకుని నడిచే వెళ్ళింది. తాత మాత్రం బైండరుతో మాట్లాడటం మానేశాడు. వీధిలో ఎదురుపడితే చూడనట్టు పోయేవాడు. నిజంగా చూడలేదో, కావాలనే చూడలేదో బైండరుకి అంతుబట్టేది కాదు. ప్రార్థనలో బకెట్టు సంగతి దేవుడికి విడిగా విన్నవించుకున్నాడు. స్నేహితుడి సంగతి ఎలా విన్నవించాలో తెలియక ఊరుకున్నాడు. ఫోను మోగక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దంలో మనసు నిలవనే లేదు.

"ఇప్పుడు హాయిగా ఉందా?" అంది భార్య.

"ఏం హాయో!" అన్నాడు బైండరు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున, సరిగ్గా కళ్ళు మూసుకునే వేళకి, ఫోను మోగింది. ఈసారి ఆయన రెండు కళ్ళూ ఒకేసారి తెరిచాడు.

"ఒరేయ్ ద్రోహీ, ఇవాళే కోస్తారట. కంటి ఆస్పత్రికి తగలడు."

"నేనెందుకురా? అమ్మాయి ఉందిగా, టైలరు ఉన్నాడుగా."

"వాళ్ళని తిడితే ఏం బాగుంటుంది? నీ మీదైతే కోపం చాలా మిగిలిపోయింది."

బైండరు దేవుడికి చెప్పి సగంలోనే లేచాడు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద డ్రైవరు కంట్లో మందు చుక్కలు వేయించుకుని తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. పక్కన కూర్చోగానే మొదలుపెట్టాడు. గేటు దగ్గర మొదలెట్టి, బకెట్టు మీదుగా, క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియని దద్దమ్మతనం మీదుగా, చిన్నప్పుడు కాగితం పిట్టని తిన్నగా విసరడం చేతకాకపోవడం దాకా వెళ్ళాడు. తిడుతున్నంతసేపూ బైండరు మణికట్టుని మాత్రం వదల్లేదు.

నర్సులు వచ్చి ఆయన్ని చక్రాల కుర్చీలో లోపలికి తోసుకుపోయారు. తలుపు మూసుకున్నాక కూడా ఆ తిట్లు లోపలి నుంచి సన్నగా వినిపిస్తూనే ఉన్నాయి. "పెద్దాయనా, కాస్త కదలకండి" అని ఎవరో బతిమాలుతున్నారు. బైండరు అవి వినబడినంతసేపూ తలుపుకి చెవి ఆనించి నిలబడి, దేవుడికి దండం పెట్టుకున్నాడు.