మంత్రిగారు వినడానికొచ్చిన సాయంత్రం

యూరప్ కూటమికి అధికారాలు పెంచే లిస్బన్ ఒప్పందానికి ఐర్లండ్ జనం 'వద్దు' అని ఓటేశారని తేలిన మర్నాడు మా బావ కోర్నీ హారింగ్టన్ రేడియోలో మాట్లాడాడు. పశ్చిమ కార్క్‌లో మా రేవుకి ఆయన కౌన్సిలరు, అధికార పార్టీ వాడు. 'ఔను' అనమని గడపగడపకీ తిరిగిన మనిషి.

"జనానికి అర్థం కాలేదండీ. పాపం, ఎవరో భయపెడితే ఓటేశారు," అన్నాడు ఎంతో జాలిగా.

మా అక్క ఊనా వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ విన్నది. తనూ 'వద్దు' అనే వేసింది. చేపల వేట తగ్గించాలంటూ మన పడవల్ని తుక్కు కింద కొట్టించిన యూరప్ వాళ్ళకి ఇంకా అధికారం ఎందుకివ్వాలని ఆమె వాదన. తప్పో ఒప్పో, అది అర్థం కాక వేసిన ఓటు మాత్రం కాదు.

బావ ఇంటికి రాగానే అడిగింది. "నాకు అర్థం కాలేదని ఊరంతా చాటావుగా. నువ్వు చదివావా దాన్ని?"

"నేను చదవడమెందుకు? పార్టీ చదివింది."

వారం తిరిగేసరికి ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో బావకి తెలిసింది. పబ్బులో కూర్చుని, "లోలోపల నాకూ మొదట్నుంచీ అనుమానమే," అనడం మొదలుపెట్టాడు. విన్నవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి గ్లాసులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత, జనం మాట వినడానికని రాజధాని నుంచి ఒక మంత్రి వచ్చాడు. చర్చి హాల్లో సభ. టీ పోసే పని నాదీ అక్కదీ. ఒక్కరూ నోరు తెరవకముందే, "మీ ఆవేదన నేను విన్నాను," అని మొదలుపెట్టి, సాయంత్రమంతా ఆయనే మాట్లాడాడు. ముందు వరసలో బావ తల ఊపుతూనే ఉన్నాడు. ఒక జాలరి చెయ్యెత్తితే, "ప్రశ్నలు చివర్లో," అన్నారు. చివరికి వచ్చేసరికి బయట కారు సిద్ధంగా ఉంది.

అక్క టీ కెటిల్ పట్టుకుని, ఖాళీ కప్పూ సాసరూ చేతిలో ఉన్న మంత్రి దారికి అడ్డంగా నిలబడింది.

"ఏ భాగం అర్థం కాలేదమ్మా మీకు?" అన్నాడు మంత్రి చిరునవ్వుతో.

"అన్నీ అర్థమయ్యాయండీ. అందుకే వద్దన్నాం. టీ పోయమంటారా?"

"వద్దమ్మా, చాలు."

అక్క పోసింది.

"వద్దన్నానుగా!"

"మీకు సరిగ్గా అర్థమై ఉండదండీ," అని ఇంకాస్త పోసింది. కప్పు నిండి, సాసరు నిండి, ఆయన ప్యాంటు మీదికి కారింది. హాలంతా గొల్లున నవ్వింది. బావ తన జేబురుమాలు తీసి, వంగి మంత్రిగారి మోకాలు తుడిచాడు. అది చూశాక మాత్రం అక్క మొహంలో నవ్వు పోయింది.

"నా పరువు తీశావు," అన్నాడు బావ ఇంటికెళ్ళే దారిలో.

"ఇంకొకడి మోకాలు తుడిచింది నువ్వు. నేను కాదు."

ఆ శరదృతువులోనే బ్యాంకులు కూలాయి. అక్క పనిచేసే చేపల ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి వేసవి ఎన్నికల్లో బావ చిత్తుగా ఓడాడు. అక్టోబరులో అదే ఒప్పందం, పైన నాలుగు హామీలు అతికించుకుని, మళ్ళీ ఓటుకొచ్చింది. పదవి లేకపోయినా బావ మళ్ళీ గడపలెక్కాడు. ఈసారి 'ఔను' గెలిచింది.

"చూశావా, జనానికి ఇప్పటికి అర్థమైంది," అన్నాడు.

అసలు సంగతి అక్క నాకు మాత్రమే చెప్పింది. "నేనూ ఔననే వేశానే. పని పోయింది, భయమేసింది. దాన్లో ఏముందో ఈసారి చూడను కూడా లేదు."

"బావకి చెప్పావా?"

"చస్తే చెప్పను. ఆ సంబరం నేను చూడలేను." మళ్ళీ తనే అంది: "అయినా, ఎందుకు ఔనన్నావని అడగడానికి ఒక్కడూ రాలేదు చూడు."

నెల తిరక్కుండానే పార్టీ బావని రేవు కమిటీలో వేసింది. మొదటి సమావేశం రోజు కోటు ఇస్త్రీ చేయమని అక్క వెనకాలే తిరిగాడు. ఆమె ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. బావ ముడతల కోటుతోనే వెళ్ళాడు, ఈల వేసుకుంటూ.