తల ఊపితే చాలదు

ఆ వడ్రంగి షెడ్డులో రంపం తిరుగుతున్నంతసేపూ మాటలుండవు. ఉన్నా వినపడవు. అందుకే పెద్దమేస్త్రి తన పిల్లలిద్దరికీ పని నేర్పినప్పుడే ఒక సైగ కూడా నేర్పాడు. తల ఒక్కసారి కిందికి ఊపితే ‘నేను సిద్ధం, తొయ్యి’ అని అర్థం. కూతురు బల్లకు ఇవతల నిలబడి చెక్కను రంపంలోకి తోస్తుంది. కొడుకు అవతల నిలబడి, తెగి వచ్చిన చెక్కను అందుకుంటాడు. మధ్యలో కోతలో ఊడిన చెక్క పేడు ఏదైనా రంపం పక్కన ఇరుక్కుంటే ఆమె తోయడం ఆపుతుంది. అతను సన్నటి కర్రతో దాన్ని తప్పించి, వెనక్కి జరిగి, తల ఊపుతాడు. ఆమె మళ్ళీ తోస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఇంట్లో మాటామాటా అనుకుని మొహాలు మాడ్చుకున్న రోజుల్లో కూడా ఆ ఊపు మాత్రం ఆగలేదు.

కూతురిని అందరూ కొలబద్ద అంటారు. గీత మీద కోయమంటే ఆ గీతలో సగం మిగిల్చి కోసే రకం. ఆమె తమ్ముడు చిన్నోడు. షెడ్డు గుమ్మంలోంచి తల వంచుకుని రావాల్సినంత పొడుగు పెరిగాడు, ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు, అయినా పిలుపు మారలేదు. పెద్దమేస్త్రి ఇప్పుడు పని మానేసి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, అడగని వాళ్ళకు కూడా సలహాలు చెబుతుంటాడు. ఎడమచెయ్యి ఎప్పుడూ కుడి చంకలో దాచుకుని ఉంటుంది. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు. ఎలా పోయాయని అడిగితే ‘చెక్కలో ముడి ఉంది, రంపం ఎగిరింది’ అని ఒకే జవాబు. ఆపైన ఇంకో ప్రశ్న వేస్తే మేస్త్రికి చెవుడు వచ్చేస్తుంది.

ఈసారి కొత్తగా కట్టే బడికి తలుపులూ కిటికీలూ చేసే పని దొరికింది. కంట్రాక్టరు దింపిన చెక్క ఏదో కొత్త రకం. దాని పొట్టు చిన్నోడి ఒంటికి పడలేదు. మోచేతుల దగ్గర మొదలైన దద్దుర్లు మెడదాకా పాకాయి. ఒక చేత్తో టేపు పట్టుకుని ఇంకో చేత్తో గోక్కునే తమ్ముణ్ణి చూసి అక్క మనసు ఊరుకోలేదు. ఆ ఇంట్లో దుప్పట్ల నుంచి చెప్పుల దాకా అన్నీ ఉమ్మడే. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోకూడదన్న ఆలోచన ఎవరికీ ఎన్నడూ రాలేదు. పోయినేడాది తనకు దద్దుర్లు వచ్చినప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ అట్ట తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

“దురద పుట్టినప్పుడల్లా ఒకటి వేసుకోరా. నాకు మంత్రించినట్టు తగ్గింది” అంది.

తనను రాత్రి పడుకోబోయే ముందు మాత్రమే వేసుకోమన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. అప్పట్లో కాలు బెణికి మంచం మీదే ఉంది. మంచం మీద ఉన్న మనిషికి మత్తు వస్తేనేం, రాకపోతేనేం.

దురద తగ్గిన మాట నిజం. కానీ చిన్నోడు మారిపోయాడు. మాటిమాటికీ నీళ్ళు తాగేవాడు, అయినా నోరు ఎండిపోతోందనేవాడు. టేపు మీద అంకెలు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేవాడు. కొలతలు తప్పేవాడు. దానికి తోడు జలుబు చేసిందని మందుల షాపులో అడిగి ఏదో సిరప్పు తెచ్చుకుని, పొద్దునా మధ్యాహ్నం సీసా మూతతో పోసుకునేవాడు. కొలబద్దకు ఒళ్ళు మండింది. పని మీద ధ్యాస లేదనీ, పెళ్ళాంతో గొడవపడి వచ్చి చెక్కల మీద కసి తీర్చుకుంటున్నాడనీ తిట్టింది. చిన్నోడు నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నాడు. మామూలుగా ఒక మాటకు నాలుగు అప్పజెప్పే మనిషి. అప్పుడైనా ఆమెకు అనుమానం రావాల్సింది.

ఆ వేళ భోజనాలయ్యాక పొడుగాటి చెక్క ఎక్కించారు. సగం కోశాక పేడు ఇరుక్కుంది. ఆమె తోయడం ఆపింది. చిన్నోడు కర్ర పట్టుకుని వంగాడు. పేడు కదిలించాడు. తల కిందికి ఊగింది.

ఆమె తోసింది.

టప్పుమని శబ్దం వచ్చింది. అతని చేతిలోని కర్ర రెండు ముక్కలై, ఒక ముక్క ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. చిన్నోడు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె చెక్క వదిలేసి స్విచ్చి కొట్టింది. రంపం మూలుగుతూ మూలుగుతూ ఆగింది. అప్పుడు వెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూసింది. అన్నీ ఉన్నాయి. చూపుడువేలి కొస మీద గోరు గీరుకుంది, అంతే. ఆమె పొట్టు కుప్ప మీద చతికిలబడింది.

“తల ఎందుకు ఊపావు?” అని అడిగింది.

“నేనెక్కడ ఊపాను?” అన్నాడు చిన్నోడు. అతని మొహంలో అబద్ధం లేదు. కళ్ళు మాత్రం ఎర్రగా, రెప్పలు సగం వాలి ఉన్నాయి.

అతను ఊపలేదు. కునికాడు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. తన చేత్తో ఇచ్చిన మాత్ర, తన చేత్తో తోసిన చెక్క. ఈ రెండిటి మధ్యా తమ్ముడి వేళ్ళు. ఏడవడానికి కూడా సిగ్గేసింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, బోర్డులోంచి రంపం ఫ్యూజు పీకి, భుజానికి వేలాడే సంచిలో వేసుకుంది.

పెద్దమేస్త్రి స్టూలు మీదనుంచి లేచాడు. తప్పిన గండం తప్పింది కదా, గండం పేరు చెప్పి పని ఆపేస్తే కంట్రాక్టరు ఊరుకుంటాడా అన్నాడు. తల ఊపే సైగతో తాను జీవితమంతా పనిచేశానన్నాడు. చిన్నోడు కూడా తండ్రికి వంత పాడాడు. తనకు నిద్రా లేదు, మత్తూ లేదు, అక్కదంతా అతి అన్నాడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా?”

“కందవు నువ్వే, దురదా నీదే. కానీ కత్తిపీట దగ్గర నిలబడేది నేను. నేను తొయ్యనంటే తొయ్యను.”

ఆమె పట్టు పడితే ఉడుంపట్టు. తమ్ముడి బండి తాళం కూడా లాక్కుని, అతన్ని రిక్షా ఎక్కించింది. మాత్రల అట్ట, సిరప్పు సీసా రెండూ సంచిలో వేసుకుంది. ఫ్యూజు వాటి పక్కనే ఉంది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్న చిన్నోడు, తనకు మత్తు లేదని పక్కనున్న ముసలావిడకు కూడా వివరించడం మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి కాకుండానే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ముసలావిడ అతని తల తన భుజం మీదనుంచి రెండుసార్లు సర్దింది. లోపలికి పిలవడానికి వచ్చిన డాక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడి అదంతా చూసింది. ఇక పరీక్ష సగం అయిపోయినట్టే.

కొలబద్ద ఏదీ దాచలేదు. మాత్రలు తనవేననీ, తనే ఇచ్చాననీ, దురద పుట్టినప్పుడల్లా వేసుకోమన్నాననీ చెప్పింది. డాక్టరమ్మ కోప్పడుతుందని మెడ వంచుకుని కూర్చుంది. ఆవిడ కోప్పడలేదు. సిరప్పు సీసా తిప్పి, వెనక సన్నటి అక్షరాలు చదివి, బల్ల మీద మాత్రల పక్కనే పెట్టింది.

“ఇందులోనూ ఆ జాతి మందే ఉంది. అంటే ఈయన ఒకే రకం మందు రెండు దారుల్లో మింగుతున్నారు. నోరెండడం, కళ్ళు మసకేయడం, కొలతలు తప్పడం, అన్నీ దానివల్లే అయ్యుంటాయి.”

కొలబద్దకు తాను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

“మరి నాకు నిద్ర వస్తున్నట్టే లేదండీ” అన్నాడు చిన్నోడు, ఇంకా ఓటమి ఒప్పుకోకుండా.

“అదే దీంతో చిక్కు. మత్తు ఉందని మనిషికి తెలియకపోయినా చెయ్యి ఆలస్యంగా కదులుతుంది. రాత్రి వేసుకున్నది మర్నాడు పొద్దున కూడా ఒంట్లో ఉండొచ్చు. ఈ మాత్ర చెడ్డది కాదు. మీ అక్కగారికి రాశాను, ఆవిడ ఒంటికి, ఆవిడ పడుకునే వేళకు. మీకు రాయలేదు.”

తర్వాత ఆవిడ చిన్నోడి జబ్బులన్నీ అడిగి, వాడే మందులన్నీ అడిగి, మత్తు తక్కువగా ఉండే వేరే మాత్ర రాసింది. తక్కువే గాని బొత్తిగా ఉండదని కాదనీ, ఒక్కొక్కరి ఒంటికి ఒక్కోలా పనిచేస్తుందనీ చెప్పింది. మొదట పని లేని రోజున వేసుకుని ఎలా ఉంటుందో చూసుకోవాలి. పాతవి పూర్తిగా దిగేదాకా రంపం దగ్గరికీ, బండి దగ్గరికీ పోకూడదు. దురద ఎక్కువైందని రెండోది వేసుకోకూడదు. మద్యం ముట్టకూడదు. జలుబుకు ఏది కొన్నా ముందు షాపులో ఈ మాత్ర సంగతి చెప్పాలి. పెదాలో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రల కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. పొట్టు ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోవాలి, పని కాగానే చేతులు కడుక్కోవాలి. లేచి వస్తుంటే కొలబద్దకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. నాన్న కూడా ముక్కు కారుతోందని నిన్న ఆ అట్టలోంచి ఒకటి అడిగాడు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పెద్దవాళ్ళకు ఆ మాత్ర వల్ల తూలి పడడం, మూత్రం బిగుసుకుపోవడం, మనసు తికమక పడడం కూడా ఉంటాయంది. మిగిలిన మాత్రలను కొలబద్ద అక్కడే ఆవిడకు అప్పగించి వచ్చింది.

అక్కడితో కథ కంచికి పోయేది గాని, మధ్యలో కంట్రాక్టరు ఉన్నాడు. చెప్పిన రోజుకు తలుపులు అందవని ఆమే ఫోన్ చేసి చెప్పింది. అతను గయ్యిమన్నాడు. కిటికీల పని వేరే షెడ్డుకు ఇచ్చేస్తానని బెదిరించాడు. ఇవ్వండి అంది. ఇచ్చేశాడు కూడా. పెద్దమేస్త్రి ఆ పూట అన్నం ముందు కూర్చుని, నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకున్నామని గోడతో చెప్పుకున్నాడు. కొలబద్ద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కిటికీల మీద ఆమెకూ ఆశ ఉంది. అయినా ఫ్యూజు సంచిలోంచి తియ్యలేదు. రంపం అవసరం లేని పనులు, ఇసకకాగితం రుద్దడం, మూలలు అతకడం, తనే చేసుకుంది.

రంపాలు తిరగని సెలవురోజున చిన్నోడు కొత్త మాత్ర వేసుకున్నాడు. రోజంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగి, సాయంత్రం ఊరికే ఉండలేక షెడ్డుకు వచ్చాడు. మూలన నిలబెట్టిన చెక్కల మీద తాను ఇంతకుముందు గీసిన పెన్సిలు గీతలు కనపడ్డాయి. మూలమట్టం తెచ్చి ఒకదాని మీద ఆనించాడు. తర్వాత ఇంకోదాని మీద. ఒక్కటీ తిన్నగా లేదు. ఆ గీతలు గీసేటప్పుడు, తాను బ్రహ్మాండంగా ఉన్నానని అందరితో వాదించిన సంగతి అతను మరిచిపోలేదు. గీతలన్నీ రుద్ది చెరిపేసి, తలుపు మూలలు అతుకుతున్న అక్క దగ్గరికి వెళ్ళాడు.

“నా చెయ్యి నాకు తెలుసనుకున్నానక్కా” అన్నాడు చివరికి.

“నీ ఒళ్ళు నాకు తెలుసని నేనూ అనుకున్నాన్రా” అంది కొలబద్ద.

దద్దుర్లు తగ్గాయి. మత్తు లేదని చిన్నోడు చెప్పడమే కాదు, కొలతలూ ఆ మాటే చెప్పాయి. ఫ్యూజు మళ్ళీ బోర్డుకెక్కే ముందు కొలబద్ద రెండు షరతులు పెట్టింది. పేడు ఇరుక్కుంటే కర్రలూ గిర్రలూ లేవు, రంపం ఆపాల్సిందే. మళ్ళీ తిప్పే ముందు, అవతలి మనిషి వెనక్కి జరిగి రెండు అరచేతులూ ఎత్తి చూపాలి. తల ఊపితే చాలదు. నిద్రపోయే మనిషి తల ఊపగలడు గాని, చేతులెత్తి వేళ్ళు చాపలేడు.

మొదటి చెక్క ఎక్కించారు. కొంత కోశాక, కావాలని వచ్చినట్టు ఒక పేడు ఇరుక్కుంది. ఆమె రంపం ఆపింది. చిన్నోడు పేడు తీసి, వెనక్కి జరిగి, అలవాటు కొద్దీ తల ఊపాడు.

ఆమె కదల్లేదు.

మళ్ళీ ఊపాడు. ఆమె స్విచ్చి మీద చెయ్యి పెట్టి చూస్తూ నిలబడింది. చిన్నోడు నాలిక కరుచుకుని, రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళన్నీ విడదీసి చూపించాడు.

గుమ్మం దగ్గర స్టూలు కిర్రుమంది. పెద్దమేస్త్రి లేచి నిలబడ్డాడు. మళ్ళీ ఏ సలహా వస్తుందోనని కొలబద్ద అటు తిరిగింది. ఆయన చంకలోంచి ఎడమచెయ్యి బయటికి తీశాడు. రెండు చేతులూ కొడుకులాగే పైకెత్తాడు. ఒకదానికి ఐదు వేళ్ళు, ఇంకోదానికి మూడు.

“ఆ రోజు చెక్కలో ముడేమీ లేదమ్మా. నేనే కునికాను” అన్నాడు.

కొలబద్ద తండ్రి చేతుల వంక చూసింది, తమ్ముడి చేతుల వంక చూసింది. పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొట్టు పడిందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ అనుకుంది. చిన్నోడి వేళ్ళు ఇంకోసారి లెక్కపెట్టుకుని, స్విచ్చి నొక్కి, చెక్కను ముందుకు తోసింది.