లిఫ్టు దిగేలోపు సంతకం

జూనియర్ డాక్టరు పని చేస్తుంటే పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూడాలి, తప్పొప్పులు చెప్పి ఫారంలో రాయాలి. అది రూలు. మా వార్డులో మాత్రం ఆ ఫారాలు మేమే నింపుకుంటాం, ఆయన లిఫ్టులో మూడో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు సంతకం పెట్టేస్తారు. శిక్షణ ముగియాలంటే పన్నెండు కావాలి. నా పదకొండింటిలోనూ "చాలా బాగా చేసింది" అనే ఉంది. నా డప్పు నేనే కొట్టుకుని కొట్టుకుని సిగ్గు కూడా చచ్చిపోయింది.

పన్నెండోది వెన్నులోంచి నీరు తీయడం. అది నాకు చేతకాదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పొడుస్తాను. మొన్న రోగిగా వచ్చిన ఒక టీచరమ్మ మంచం కడ్డీ పట్టుకుని, "పర్లేదమ్మా, మెల్లిగా చెయ్యి" అంది. నాలుగోసారికి నర్సక్క, "ఇక చాల్లే డాక్టరమ్మా" అని నా చేతిలో సూది తీసేసుకుంది. బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. శుక్రవారంతో శిక్షణ అయిపోతుంది. ఆ తర్వాత నాకు నేర్పేవాళ్లు ఉండరు.

బుధవారం పెద్ద డాక్టరుగారిని లిఫ్టు దగ్గర పట్టుకున్నాను.

"సార్, ఇవాళ ఒకరికి వెన్నునీరు తీయాలి. పది నిమిషాలు నిలబడి చూడండి."

"నీకెందుకమ్మా? నీ ఫారాలన్నీ బాగున్నాయిగా."

"అవి నేను రాసుకున్నవి సార్."

"అందరూ రాసుకునేవే. ఆ ఫారం ఇలా తే."

ఒళ్లు మండింది. ఆయన వెంటే లిఫ్టెక్కి, ఫారం గోడకానించి రాశాను: "ఈమెకు సూది ఎక్కడ గుచ్చాలో తెలియదు. ఎవరైనా నేర్పాలి." ఆయన ఫోన్లో మాట్లాడుతూనే సంతకం పెట్టారు. లిఫ్టు ఇంకా రెండో అంతస్తు దాటలేదు.

ఆ మధ్యాహ్నం ఆ రోగికి మూడుసార్లు గుచ్చి వదిలేశాను.

శుక్రవారం శిక్షణ ఆఫీసులో గుమస్తా పన్నెండు సంతకాలూ చూసుకుని ముద్ర వేశాడు.

"కొత్తవాళ్లను ఇక మీరే చూసుకోవాలి మేడమ్."

"చివరిదాంట్లో ఏం రాసుందో చదివారా?"

"చదవడం నా పని కాదండి."

సోమవారం కొత్తగా చేరిన డాక్టరమ్మాయి లిఫ్టు దగ్గర నాకోసం కాచుకుని ఉంది.

"అక్కా, ఇవాళ వెన్నునీరు తీయాలి. నాకు భయంగా ఉంది. కాస్త పక్కన నిలబడి చూస్తారా?"

నిలబడితే నాకు రాదని తెలిసిపోతుంది.

"ఫారం నింపుకురా" అన్నాను. "సంతకం పెడతాను."