బండ విన్న పాఠాలు

పొద్దున్నే మిలెంబె ముక్కాలి పీట చంకలో పెట్టుకుని, దువ్వెనల బుట్ట పట్టుకుని మెట్లు దిగి బండ దగ్గరికి వచ్చేది. సరస్సు ఒడ్డు కొండ మీది బుగారికాలో ఇళ్ళన్నీ బండల మధ్యే. ఒకరి వెనక గోడ బండ, ఇంకొకరి వాకిట్లో అరుగు బండ. మిలెంబె జడలల్లే చోటికి కప్పు కూడా బండే. ఏనుగంత ఎత్తున ముందుకు వంగి ఉంటుంది కాబట్టి దాని నీడలో ఇద్దరు ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా హాయిగా కూర్చోవచ్చు. అవతలి పక్క, ఎండ తగిలే వైపు, ఆమె ఆడపడుచు హోలో పొయ్యి. హోలో కర్రపెండలం ముక్కలూ సరస్సులో పట్టే సతో చేపలూ వేయించి అమ్ముతుంది.

ఆ బండ పగలంతా ఎండనీ మాటల్నీ పీల్చుకునేది. పొద్దువాలి చల్లబడేటప్పుడు ఆ వేడితో పాటు మాటల్నీ వదిలేది. గట్టిగా కాదు, పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు. ఏ గొంతులో విన్నది ఆ గొంతులోనే చెప్పేది. పనికి పోతున్నామని ఇంట్లో చెప్పి గుంటల బల్ల మీద గింజలతో బావో ఆటకి కూర్చునే మగవాళ్ళు అందుకే దానికి ఆమడ దూరంలో కూర్చునేవాళ్ళు. కొత్తగా పెళ్ళి కుదిరిన జంటలు మాత్రం కావాలనే దగ్గరికొచ్చి కబుర్లు చెప్పుకునేవి. సాయంత్రం ఆరిన బట్టలు తీస్తూ బండ మాటలు ఒక చెవిన వేసుకోవడం అక్కడ అందరికీ అలవాటే, వంటింట్లో రేడియో మోగుతున్నట్టు.

మిలెంబె హైస్కూలు రెండో ఏట, రెండో ఫారంలో, చదువు మానేసింది. ఇప్పుడు ఆమెకు నలభై దగ్గర పడుతోంది. పట్నంలో జడలల్లడం నేర్పే బడి ఒకటి పెట్టారు, అక్కడ టీచరు కావాలని ఆమె కోరిక. చెయ్యి తిరిగినదని అందరూ ఒప్పుకున్నారు గానీ, నాలుగో ఫారం పాసైన సర్టిఫికెట్ లేనిదే తీసుకోమన్నారు. సరే, పరీక్షకు కట్టింది. చదవడానికి చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే కదా అని పాఠాలన్నీ ఫోన్లోకి ఎక్కించుకుని, చెవిలో దూర్చుకునే రబ్బరు మూతి ఇయర్‌బడ్స్ పెట్టుకుని, వింటూ జడలల్లేది.

"నలభై ఏళ్ళకి అక్షరాభ్యాసం! రేపు బడికి పోతే నీకు పలక నేను కొనివ్వాలా వదినా?" అనేది హోలో బండ అవతలి నుంచి.

మిలెంబెకు అది వినపడేది కాదు. ఏదీ వినపడేది కాదు. న్యాంజిగె పెద్దమ్మ సన్నజడలు కావాలంటే తాళ్ళంత లావు జడలు అల్లి పంపింది. పెద్దమ్మ అద్దం చూసుకుని, "పెళ్ళికి పోతున్నానే, పడవ కట్టడానికి కాదు" అని లబలబలాడింది. విప్పి మళ్ళీ అల్లేసరికి పొద్దు గూకింది.

ఇంతలో చెవి దురద మొదలైంది. దురద నొప్పయింది, చివరికి చీము పట్టింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, "పొద్దస్తమానం బిరడా బిగించినట్టు బిగిస్తే చెవికి గాలెలా ఆడుతుందమ్మా? ముందు ఇది మాననీ. తర్వాత కూడా లోపలికి ఏదీ దూర్చకు" అంది. చుక్కల మందు రాసిచ్చింది.

చెవి మానింది. పరీక్ష దగ్గర పడుతోందని మనసు ఆగక, మిలెంబె మళ్ళీ అవే పెట్టుకుని ఒకరోజు బజారుకి బయల్దేరింది. కొండ దారి మలుపులో వెనక నుంచి వచ్చిన మోటారు సైకిలు ఆమె బుట్టను రాసుకుంటూ పోయింది. దువ్వెనలు కాలవలో పడ్డాయి. బండి నడిపే అబ్బాయి ఆగి, "ఇందాకట్నుంచీ హారన్ కొడుతున్నా కదక్కా! చెవుడా నీకు?" అన్నాడు.

ఆమె మొగుడు మసుంగా రేవులో సరుకు రాసే గుమాస్తా. మాట తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం అన్నం ముందు కూర్చుని, "చదువు లేకపోయినా పర్లేదు. నువ్వు లేకపోతే కష్టం" అన్నాడు.

మిలెంబె ఆ బడ్స్ తీసి డబ్బాలో పడేసింది. వారం రోజులు పాఠాలు లేకుండానే జడలల్లింది. చేతులు పనిచేస్తుంటే బుర్ర ఖాళీగా ఉండటం అంత బరువుగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆఖరికి ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా బజార్లో తుంపె దుకాణానికి పోయింది. తుంపె ఫోన్లు బాగుచేస్తుంది, ఫోన్లకి కావలసినవన్నీ అమ్ముతుంది.

సంగతంతా విని తుంపె బల్ల మీద మూడు రకాలు పెట్టింది. "ఇవేవీ చెవి లోపలికి పోవక్కా. గుమ్మం బయట నిలబడి మాట్లాడతాయి. పెట్టుకుని చూడు."

మొదటిది తల వెనక నుంచి వచ్చే పట్టీ. మిలెంబె తలగుడ్డ ముడికి తగిలి, వంగినప్పుడల్లా పైకి లేచింది. రెండోది చెవి మీద కొక్కెంలా వేలాడేది. బాగానే ఉంది గానీ కళ్ళజోడు కాడా అదీ ఒకే చోటికి పోట్లాడుకున్నాయి. మూడోది చెవి అంచుకి పోగులా పట్టుకునే క్లిప్పు.

"ఇదే ఇచ్చెయ్" అంది మిలెంబె.

"తొందరెందుకు? ఊరికే పెట్టుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. కూర్చో. చాయ్ తాగు. జడలల్లేటట్టు వంగు, లే, తల ఊపు. పెట్టుకున్న సంగతి మర్చిపోయావా, అది నీది. గుర్తొస్తూ ఉందా, వేరేవాళ్ళది."

చాయ్ సగం తాగేసరికి క్లిప్పు చెవిని నొక్కడం మొదలెట్టింది. తుంపె ఇంకో క్లిప్పు తీసింది, ఇంకాస్త మెత్తనిది. ఈసారి చాయ్ అయిపోయింది, తుంపె పిల్లల కబుర్లూ అయిపోయాయి. లేచి వెళ్ళబోతూ మిలెంబె, "ఏదీ, ఇందాక ఇచ్చింది ఎక్కడ పెట్టాను?" అని బల్ల మీద వెతికింది. తుంపె పకపకా నవ్వింది.

పాఠం పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూసుకుంది. పంతులుగారు గాలుల గురించి చెబుతున్నారు. అదే చెవికి ఎక్కమని పిలిచే బస్సు కుర్రాడి "కిరుంబా! కిరుంబా!" కేకా, చేపల బండి గంటా వినపడుతున్నాయి.

"రెండు సంగతులు ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోకు" అంది తుంపె. "గోలలో ఇది సరిగా వినపడదు. వినపడలేదని సౌండు పెంచేస్తే ఇదీ చెవి పాడుచేసేదే. బస్సులో ఆపెయ్యి. రోడ్డు దాటేటప్పుడు ఆపెయ్యి. చెవులకి కాస్త విరామం ఇస్తూ ఉండు. రెండోది, పాఠం కొంచెం బయటికి కారుతుంది. పక్కవాళ్ళు విసుక్కుంటారు."

"నా పక్కన ఉండేది బండే."

"అయితే బండకి చదువు వస్తుందిలే" అంది తుంపె.

వచ్చింది. మర్నాడు సాయంత్రం హోలో చేపలు తిరగేస్తుంటే, వెనక వెచ్చటి బండలోంచి ఒక మగగొంతు నిదానంగా చెప్పడం మొదలెట్టింది: "పగలు నీటి కంటే నేల తొందరగా వేడెక్కుతుంది. అందుకని గాలి సరస్సు మీంచి ఒడ్డుకు వీస్తుంది..."

మెట్ల మీద బట్టలు మడతపెడుతున్న న్యాంజిగె పెద్దమ్మ తలెత్తి, "మొన్నటిదాకా మా ఆయన గురక చెప్పేది, ఇవాళ గాలుల సంగతి చెబుతోంది. నయమే" అనేసి మడతల్లో పడింది. రెండు రోజులకే అందరూ అలవాటుపడ్డారు. లెక్కల పాఠం వచ్చిన సాయంత్రం బావో ఆడేవాళ్ళు కూడా ఇంకాస్త దగ్గరికి జరిగారు.

హోలో ఒక్కతే సణిగేది. "త్రిభుజాలట, కోణాలట! చేప ఎంతో చెప్పేలోపు మీ పంతులు అడ్డం వస్తున్నాడు. నా బేరాలు చెడగొట్టడానికే కొన్నావేంటి ఇవి?"

జడల మధ్య ఇప్పుడు మిలెంబెకు ప్రతి మాటా వినపడుతోంది మరి. ఆడపడుచుతో తగువెందుకని సౌండు బాగా తగ్గించింది. ఆ సాయంత్రం బండ గొణిగింది, ఏమన్నదో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే హోలో బండ చుట్టూ తిరిగి వచ్చింది. చేతిలో తొక్క తీస్తున్న కర్రపెండలం. కాసేపు ఎటో చూసింది. "సౌండు తగ్గించావేం?"

"నువ్వే కదే గోలన్నావు."

"గోలే. గోలైతే మాత్రం సగంలో ఆపేస్తారా? రాత్రి పూట గాలి తిరగబడుతుందన్నాడు, ఎందుకు తిరగబడుతుందో చెప్పకుండా పోయాడు" అని విసురుగా వెళ్ళిపోయింది.

మిలెంబె నవ్వుకుని సౌండు మళ్ళీ కొంచెం పెంచింది. అంతకుమించి ఆలోచించలేదు.

నెల గడిచింది. ఒకరోజు మిలెంబె పెళ్ళికూతురికి జడలల్లడానికి ఊరవతలికి పోయింది. బండ దగ్గర పగలంతా హోలో ఒక్కతే ఉంది. సాయంత్రం ఎప్పటిలాగే నూనె కాగింది, నలుగురూ చేరారు. మసుంగా రేవు నుంచి వచ్చి, భార్య ఇంకా రాలేదని చెల్లెలి దగ్గరే చేప తిందామని ఆగాడు. అప్పుడే మిలెంబె కూడా మెట్ల దగ్గరికి వచ్చింది. బండ చల్లబడటం మొదలెట్టింది.

ఈసారి పంతులుగారి గొంతు కాదు. హోలో గొంతు.

"రాత్రి నేల తొందరగా చల్లారుతుంది, నీరు నిదానంగా చల్లారుతుంది. అందుకని గాలి ఒడ్డు నుంచి సరస్సు మీదికి పోతుంది." కాసేపు ఆగింది. "త్రిభుజం కోణాలన్నీ కలిపితే నూట ఎనభై... అంతే కదూ? అంతే." ఒక్కొక్క పాఠమే అప్పజెప్పింది బండ. ఒకచోట తడబడి, "ఛీ, మళ్ళీ తప్పాను" అని వెనక్కి వచ్చి సరిచేసుకుంది. చివర్లో, కర్రపెండలం తరుగుతున్న చప్పుడు మధ్య, చాలా చిన్నగా: "నన్నూ కూర్చోబెడితే నేనూ పాసయ్యేదాన్ని."

హోలో చేతిలో గరిటె ఆగిపోయింది. మూకుట్లో చేప మాడుతున్న వాసన వచ్చింది. న్యాంజిగె పెద్దమ్మ ముందుకొచ్చి చేపను తిరగేసి వెళ్ళింది.

"ఈ బండకి వేరే పనిలేదు" అంది హోలో, మొహం పొయ్యి వైపు తిప్పుకుని.

మసుంగా ఆమె పక్కన కూర్చున్నాడు. "ఏడో క్లాసులో నాకంటే నీకే మార్కులు బాగా వచ్చాయి."

"ఇప్పుడెందుకులే అన్నయ్యా."

"నా చదువయ్యాక నిన్ను పంపిస్తానన్నాడు నాన్న."

"నీ చదువయ్యాక కూడా చాలా ఏళ్ళే గడిచాయి."

"అవును" అన్నాడు మసుంగా. మాడిన చేపే తీసుకుని తిన్నాడు. ముళ్ళు తీసి పక్కన పెట్టి, "రేపు పొయ్యి వెలిగించకు. పేరు రాయించడానికి పోదాం" అన్నాడు.

"మరి బేరం?"

"పరీక్ష రోజుల్లో నేను చూసుకుంటా."

"నువ్వా! చేప నూనెలో పడితే నువ్వు వీధిలోకి దూకుతావు" అంది హోలో. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిలెంబె వచ్చి ఆమె చేతిలోంచి గరిటె తీసుకుంది.

ఆ తర్వాత ఆ జత క్లిప్పుల్లో ఒకటి వదిన చెవికి, ఒకటి ఆడపడుచు చెవికి. హోలో పొయ్యిని నీడవైపుకి మార్చుకుంది. ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు. మధ్యలో గిరాకీ వస్తే ఇద్దరికీ పిలుపు వినపడేది. లెక్కల్లో మిలెంబె, భూగోళంలో హోలో ఒకర్నొకరు వెక్కిరించుకుంటూ నేర్చుకున్నారు. పరీక్ష రోజుల్లో మసుంగా నిజంగానే సెలవు పెట్టి పొయ్యి ముందు కూర్చున్నాడు. చేతులకి నాలుగు బొబ్బలు తెచ్చుకున్నాడు, చేపలన్నీ అమ్మాడు.

ఇద్దరూ పాసయ్యారు. మిలెంబె జడల బడిలో టీచరైంది. హోలోకి ఆమె కంటే మంచి మార్కులొచ్చాయి, ఆ సంగతి ఆమె ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. రేవులో పడవ సిబ్బందికి శిక్షణ ఇస్తున్నారని, ఆడవాళ్ళనీ తీసుకుంటున్నారని మసుంగా ఒకరోజు కబురు తెచ్చాడు. హోలో మూకుడు కడిగి బోర్లించి వెళ్ళింది.

మరుసటి ఏడు మిలెంబె తన బడి పిల్లల్ని వెంటబెట్టుకుని ఉకెరెవె దీవిలో పెళ్ళికి జడలల్లడానికి బయల్దేరింది. పెద్ద పడవ మెట్ల దగ్గర నీలం చొక్కా వేసుకుని, చేతికి తాడు చుట్టుకుని హోలో నిలబడి ఉంది. ఒక ముసలాయన కోడిపిల్లల బుట్ట గుండెకి హత్తుకుని, నీళ్ళ వైపు భయంగా చూస్తున్నాడు.

"ఈ గాలికి పడవ కదులుతుందంటావా అమ్మాయ్?"

హోలో సరస్సు వైపు చూసింది. ఒడ్డున చెట్ల కొమ్మలు ఎటు వంగుతున్నాయో చూసింది.

"కదులుతుంది తాతా. ఇది పగటి గాలి, మనకేం చెయ్యదు. లోపల కూర్చో."

ముసలాయన లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. హోలో కట్టు విప్పి తాడుని పడవలోకి విసిరింది. మిలెంబె చెవికున్న క్లిప్పులు తీసి సంచిలో వేసుకుని, రేవు దూరమయ్యేదాకా ఆడపడుచునే చూస్తూ కూర్చుంది.