మావయ్య గారూ, తలుపు తియ్యండి

దుర్గాశ్రీనివాస్‌కి హోసూరులో ఫ్లాట్ ఉంది. కొన్నాక ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. గుడివాడలో ట్రాక్టర్ స్పేర్‌పార్టుల కొట్లో కూర్చునే అద్దెకిస్తాడు, ఖాళీ చేయిస్తాడు. తలుపు తాళం, లోపల తలుపు వైపు చూసే కెమెరా రెండూ తన ఫోన్లోనే ఉన్నాయని ఊరంతా టముకు వేశాడు.

అద్దెకున్న రజనిది అవనిగడ్డ. ఒంటరిగా ఉంటోంది. కెమెరా ఎందుకని అడిగితే, "నీ సేఫ్టీకేనమ్మా" అన్నాడు. ఆమె కోరింది ఒక్కటే. "నా కోసం ఎవరొచ్చినా తలుపు తియ్యకండి బాబాయ్ గారూ." అలాగే అన్నాడు. అన్నాడంతే.

ఆదివారం పొద్దున ఫోనొచ్చింది.

"మావయ్య గారూ, బాగున్నారా అండి? నా పేరు మల్లేశ్వరరావండి, మాది నాగాయలంక. రజని మా ఆవిడండి. ఇక్కడ గేటుకి మీ టులెట్ బోర్డు ఇంకా ఉంది, నెంబరు చూసి చేస్తున్నాను. ఇవాళ తన పుట్టినరోజు. చెప్పకుండా లోపలికెళ్దామని. కాస్త తాళం తీస్తారా?"

దివిసీమ కుర్రాడు నోరారా మావయ్య అనేసరికి మన పెద్దమనిషి ఉబ్బిపోయాడు. రజని మాట గుర్తురాకపోలేదు. అది పరాయివాళ్ళ గురించి, మొగుడికేముంది అనుకున్నాడు. బటన్ నొక్కి, ఫ్యాన్ బెల్టు కోసం వచ్చిన అప్పారావుకి ఫోన్ చూపించాడు.

"చూడవయ్యా, ఎలా మురిసిపోతుందో."

రజని పచ్చడిబండ చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. లోపలికొచ్చిన మల్లేశ్వరరావు మొదటి దెబ్బ ఆమె నోటిమీద పడింది. చేతిలో బండ జారిపోయింది. జడ పట్టి తలని గోడకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. గోడమీద రక్తం చారలు కట్టింది. కిందపడితే కడుపులో తన్నాడు.

"వదలరా! పోలీసులకి చెప్తాను" అని దుర్గాశ్రీనివాస్ కెమెరా స్పీకర్లోంచి అరిచాడు.

వాడు తలెత్తి నవ్వాడు. "మా ఇంటి గొడవ మావయ్య గారూ. మీరు ఫోన్ పెట్టెయ్యండి."

బెల్టు తీసి ఆమె మెడకి చుట్టాడు. అప్పారావు పోలీసులకి ఫోన్ చేశాడు. హోసూరు తమిళనాడు కదా, ఫోన్ మన రాష్ట్రంలోనే ఎత్తారు. అక్కడికి చెప్తాం, ఇంటి నెంబరు చెప్పమన్నారు.

"నెంబరెంతండీ?"

దుర్గాశ్రీనివాస్‌కి గుర్తు రాలేదు. వెళ్తే కదా. తెరమీద ఆమె కాళ్ళు గచ్చు మీద కొట్టుకుంటున్నాయి. చచ్చిపోతోంది, నేనే చంపాను అనుకున్నాడు, ఏడ్చాడు.

ఆమె చేతికి పచ్చడిబండ తగిలింది. మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు కూలబడితే దవడ మీద ఇంకొకటి వేసింది. తూలుతూ లేచినవాణ్ణి గడప బయటికి నెట్టి తలుపుకి వీపు ఆనించింది. సందులో వాడి నాలుగు వేళ్ళు ఇరుక్కున్నాయి. తాళం పడడంలేదు.

"వేళ్ళమ్మా. వేళ్ళు అడ్డమున్నాయి" అన్నాడు ఇతను.

ఆమె వెనక్కి తిరిగి, పళ్ళు కొరుకుతూ ఆ వేళ్ళమీద కొట్టింది. ఎముకలు నలిగేదాకా కొట్టింది. వేళ్ళు వెనక్కి పోయాయి. ఇతను బటన్ నొక్కాడు, తాళం పడింది.

బయటినుంచి తలుపు దబదబా మోగింది. "మావయ్య గారూ, తలుపు తియ్యండి."

రజని ఆ మాట విని కెమెరా వైపు చూసింది.

"మీరు తీశారా?"

"మొగుణ్ణన్నాడమ్మా."

"మొగుడొస్తాడనే చెప్పానండీ, తియ్యొద్దని."

కుర్చీ లాక్కుని ఎక్కింది. వాచిన కన్ను, చిట్లిన పెదవి తెర నిండా వచ్చాయి. పచ్చడిబండ పైకి లేచింది. తెర నల్లబడింది.

మరుక్షణం దుర్గాశ్రీనివాస్ చేతిలో ఫోన్ మోగింది. మల్లేశ్వరరావు నెంబరే.