లోపలి గడియ

తాళాలు బాగుచేసే ఆయనకు లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. బతుకంతా ఊరివాళ్ళ తాళాలు విప్పి బిగించినవాడు, మనుషుల మాట ఏం నమ్ముతాడు? సెలవులకు సముద్రం చూడడానికి బయలుదేరే ముందు ఇంటిని తనే దగ్గరుండి సిద్ధం చేశాడు.

"వీధి తలుపుకి తాళంకప్ప వేలాడదీస్తే, మేం లేమని బోర్డు పెట్టినట్టే," అన్నాడు భార్యతో.

ముందు తలుపుకు లోపలినుంచి గడియ వేశాడు. హాల్లో లైటు వెలిగి ఆరేలా, రేడియో మోగి ఆగేలా టైమరు పెట్టాడు. గుమ్మం ముందు రెండు జతల పాత చెప్పులు వదిలాడు. తాము వెళ్ళడానికి పెరటి తలుపు. దానికి కంటికి ఆనని తాళం ఒకటి తనే బిగించుకున్నాడు.

భార్య మనసు మాత్రం అక్క చుట్టూ తిరుగుతోంది. తల్లి మంచాన పడ్డప్పుడు ఎవరి వంతు ఎన్నాళ్ళని మాటామాటా పెరిగి అక్కాచెల్లెళ్ళు విడిపోయారు. తల్లి పోయినా మాటలు కలవలేదు. ఈమధ్యే చెల్లెలు తనే పిన్ని కూతురి చేత అక్కకు కబురు పెట్టింది, పాతవన్నీ మరిచి ఒక్కసారి ఇంటికి రమ్మని. అక్క వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

"ఊరెళ్తున్నామని అక్కకి ఒక్క మాట చెప్పనా?"

"మీ అక్కకి చెబితే మీ పిన్ని కూతురికి చెప్పినట్టే. ఆవిడకి చెబితే దండోరా వేయించినట్టే."

"ఒకవేళ వస్తే?"

"ఇన్నేళ్ళూ రాని మనిషి ఈ వారంలోనే ఊడిపడుతుందా? నోరు కట్టేసుకో."

ఆమె నోరు కట్టేసుకుంది. ఎదురింటి టీచరమ్మకు మాత్రం ఆయనే చెప్పాడు, ఎవరడిగినా మేం ఇంట్లోనే ఉన్నామని చెప్పండని.

తిరిగొచ్చి సామాను దింపుతుండగానే టీచరమ్మ వచ్చేసింది.

"మీ ఇంటికేం ఢోకా లేదు. ఒకావిడ మాత్రం పెద్ద సంచీ పట్టుకుని వచ్చి, ఒకటే తలుపు కొట్టడం. దొంగలు ఇప్పుడు ఆడవాళ్ళని కూడా పంపుతున్నారటగా, చూసి రమ్మని. నేనేం తక్కువదాన్నా? లోపలే ఉన్నారు, పొద్దున నాతో మాట్లాడారు కూడా అన్నాను. పాపం నమ్మేసింది. మెట్లమీద చాలాసేపు కూర్చుని పోయింది."

"మనిషి ఎలా ఉంది?" అంది భార్య.

"ఇంచుమించు మీ పోలికే. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది."

భార్య సంచులు వదిలేసి ఫోను అందుకుంది. రెండోసారికి అక్క ఎత్తింది.

"అక్కా, మేం ఊళ్ళో లేమే."

"రేడియో మోగుతోంది. లైటు వెలుగుతోంది. తలుపు తోస్తే లోపల గడియ. మీ ఎదురింటావిడ పొద్దున్నే మీతో మాట్లాడిందట. అవన్నీ అబద్ధం, నువ్వొక్కదానివే నిజమా?"

"అదంతా దొంగల కోసం అక్కా."

"అవును. మెట్లమీద కూర్చుని నేనూ అదే అనుకున్నాను, నన్ను ఏ లెక్కలో వేశారా అని."

ఆయన ఫోను లాక్కున్నాడు. "వదినగారూ, అది నా తెలివితక్కువ. దానికేం తెలియదు."

"పెళ్ళాం తప్పులు నెత్తినేసుకోవడం మీకు కొత్తా, మరిదిగారూ," అని అక్క పెట్టేసింది.

"సాయంత్రం వెళ్దాం. ఎదురుపడి చెబితే నమ్ముతుంది," అన్నాడు ఆయన.

"ఎలా నమ్ముతుంది? ఎవరూ నమ్మకూడదనేగా మీరంత కష్టపడింది."



అయినా వెళ్ళారు. అక్క ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క గుమ్మానికి ఎదురుగానే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తి చెల్లెల్ని నిదానంగా, పాదాల దాకా చూసింది. చేట పక్కన పెట్టలేదు.

"ఎవరు కావాలండీ?" అంది.